పచ్చి కాంక్రీటుకు పలక అంటించిన వేసవి

మొదటి నమూనా స్లాబును క్రేన్‌తో తిరగేసి పెట్టినప్పుడు దాని అడుగున ఉన్న ఫైబర్ పలక బాగానే అంటుకున్నట్టు కనిపించింది. మా సూపర్‌వైజర్ అంచు సందులో గునపం మొన దూర్చి ఒక్కసారి అదిమాడు. పలక మొత్తం ఒకే ముక్కగా లేచి వచ్చేసింది. ఇద్దరు పనివాళ్లు దాన్ని ఎత్తుకెళ్లి గోడకు ఆనించారు. పక్కనే సముద్రం, పైన ఎండ, వీపుకు అంటుకుపోయిన చొక్కాలు. సౌదీ తీరంలోని జిజాన్‌లో వేసవి అంటే ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ.

"నేను ముందే చెప్పిన గద మేడమ్. గీ జిగురు పని గీ ఉడుకపోతల నడ్వదు" అన్నాడు సూపర్‌వైజర్.

ఆయనది హైదరాబాదు. వయసులో నాకన్నా చాలా పెద్ద. సౌదీలో ఎన్నో ఏళ్లుగా సెంట్రింగ్ పనులు చేయించినవాడు. నేనాయన్ని భాయ్ అనేదాన్ని. నాది చీరాల వైపు. విశాఖపట్నంలో ఒక టెస్టింగ్ ల్యాబులో పనిచేసి, జిజాన్‌లోని ఈ కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సైట్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆయన మాటలో ఎగతాళి లేదు. నిజంగానే ఆ పని నడవదని ఆయన నమ్మకం.

మేం చేస్తున్నది చేపల పడవలు ఆగే ఒక చిన్న జెట్టీ. పాత జెట్టీలో ఇనుప కంబీలు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొచ్చాయి. ఒక పొద్దున్న కింద పడవ కట్టుకుంటున్న జాలరి మీద పెద్ద పెచ్చు ఊడిపడి ఆయన భుజం ఎముక విరిగింది. ఆయన్ను చేర్చిన ఆసుపత్రిలోనే మా అక్క నర్సు. వార్డులో ఆయనకు కట్టు మార్చేది తనే. ఆ ప్రమాదం తర్వాతే పైభాగమంతా తీసేసి కొత్తగా పోయాలని నిర్ణయించారు.

కొత్త పద్ధతి చెప్పడానికి తేలికే. అడుగున చెక్కల సెంట్రింగ్ బదులు గాజు నారతో చేసిన ఫైబర్ పలకలు పరుస్తారు. వాటి మీదే కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక పలకను తీయరు. అది అక్కడే ఉండిపోయి, అడుగు కంబీలు మోయాల్సిన బరువును తను మోస్తుంది. తుప్పు పట్టదు. అయితే ఇదంతా ఒక్కదాని మీద నిలబడి ఉంది. పలకా కాంక్రీటూ విడిపోకుండా ఒక్కటిగా ఉండాలి. అందుకోసం పలక మీద ఎపాక్సీ జిగురు పూసి, అది ఆరేలోపు పచ్చి కాంక్రీటు పోయాలి. రెండూ కలిసి గట్టిపడాలి.

విశాఖలో నేను పలకలు అంటించడం చూశాను గానీ అదంతా పాత కాంక్రీటుకు. ముందుగా కాంక్రీటును గ్రైండర్‌తో గీకి, దుమ్ము దులిపి, ఆరబెట్టి, అప్పుడు నింపాదిగా అంటించేవాళ్లు. పచ్చి కాంక్రీటు అలా కుదురుగా ఉండదు. ఒళ్లంతా నీళ్లు, బరువు, కదలిక. అది వచ్చి మీద పడేసరికి జిగురు ఎక్కడిదక్కడ ఉండాలి.

మధ్యాహ్నం మేనేజరు వచ్చి గోడకు ఆనించిన పలకను చూశాడు. జిజాన్ మనిషే, నా ఈడువాడు. అరవడం తెలియదు. "ఇంకొన్ని నమూనాలు పోయండి. పని తనిఖీ చేసే కన్సల్టెంట్ మనుషులు వచ్చి లాగి చూసే రోజుకు ఒక్కటైనా నిలబడకపోతే ఖలాస్. పూత పూసిన కంబీలు తెప్పిస్తాను. చెక్క సెంట్రింగే కొడదాం" అని ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయాడు.

భాయ్ ముఖం తేటపడింది. ఆయనకు తెలిసిన పని తిరిగొస్తోంది మరి.

ల్యాబులో ఉన్నన్నాళ్లూ నా పని ముక్కను మిషన్లో పెట్టి విరగ్గొట్టి, పాసో ఫెయిలో రాయడం. ఎందుకు ఫెయిలయిందని అడిగే హక్కు నాకు ఉండేది కాదు. తెల్లారితే ఇంకో ముక్క వచ్చేది. ఇక్కడ ఆ ముక్క నాది. ఎందుకు ఊడిందో తెలుసుకోకుండా వదలకూడదనుకున్నాను. పనివాళ్లు భోజనానికి పోగానే స్లాబు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. పలకనూ స్లాబునూ మార్చి మార్చి చూశాను.

ఒక కొసన జిగురంతా పలక మీదే ఉంది. గట్టిగా, నున్నగా, మెరుస్తూ. దానికి ఎదురుగా కాంక్రీటు ఒట్టిగా ఉంది. రెండో కొసన పూర్తిగా తిరగబడింది. జిగురు కాంక్రీటును పట్టుకుని ఉంది, పలకేమో కడిగిన కంచంలా శుభ్రంగా ఉంది.

భాయ్ తిరిగి రాగానే పిలిచి చూపించాను.

"ఈ కొస చూడండి భాయ్. మీరన్నదే. కాంక్రీటు వచ్చేలోపే జిగురు గట్టిపడిపోయింది, అందుకే కాంక్రీటుకు అంటలేదు. మరి ఆ కొసన? అక్కడ కాంక్రీటుకు బాగానే అంటింది. పలకకే అంటలేదు."

ఆయన వంగి వేలితో రెండు చోట్లా రుద్ది చూశాడు.

"అంటే తప్పు ఒకటి కాదు, రెండున్నయంటరు."

"అవును. రెండూ వేరు వేరు. ఒకదానికి మందు రెండోదానికి పనిచెయ్యదు."

"గట్లయితే ఇంకా కష్టమే గద" అన్నాడు. కానీ వెళ్లిపోలేదు. ఆ శుభ్రంగా ఉన్న వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాతి నమూనాకు నేను మొదటి నుంచీ దగ్గరే ఉండాలనుకున్నాను. పలక బయటికి తీసేటప్పటి నుంచి కాంక్రీటు పోయడం అయ్యేదాకా పక్కన నిలబడి చూడాలి. మొదటి నమూనాకు నేను వచ్చింది జిగురు కలిపే వేళకే. వేసవి కాబట్టి తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే పని మొదలయ్యేది. నేను పనివాళ్ల క్యాంపు బస్సు కన్నా ముందే టాక్సీలో వెళ్లి కంటైనర్ దగ్గర నిలబడ్డాను.

ఆ కంటైనర్‌కు ఏసీ ఉంది. జిగురు డబ్బాలు వేడెక్కకూడదని పెట్టించిందది. చోటు కలిసొస్తుందని పలకలు కూడా అందులోనే పెట్టేవాళ్లు. తలుపు తీసి, ఇద్దరు బంగ్లాదేశీ కుర్రాళ్లు ఒక పలకను మోసుకొచ్చి బల్లల మీద పెట్టారు. భాయ్ జేబులోంచి చాక్‌పీస్ తీసి దాని మూలన నంబరు వేయబోయాడు. గీత పడలేదు. మళ్లీ గట్టిగా రాశాడు. చాక్‌పీస్ కొస మెత్తబడి ముద్దయింది.

"గీ చాక్‌పీస్‌కు ఏమైందో, రాస్తలేదు" అని విసిరేయబోతూ ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేనప్పటికే పలక మీద అరచెయ్యి పెట్టాను. చెయ్యి తడి అయింది.

కంటికి ఏమీ కనపడదు. పలక రంగు లేత బూడిద రంగు, పొద్దుటి వెలుతురు ఇంకా మసకగానే ఉంది. కానీ చల్లటి కంటైనర్ లోంచి ఉక్కపోతలోకి వచ్చిన పలకకు క్షణాల్లో చెమట పట్టేస్తోంది. మేము ఆ నీటి పొర మీద జిగురు పూశాం. జిగురు నీళ్లను పట్టుకుంది గానీ పలకను పట్టుకోలేదు. కంటైనర్ తలుపు వైపు ఉండే కొస అంత చల్లబడదు కాబట్టి అక్కడ మాత్రం పట్టింది.

"యా అల్లా, మొన్న నీళ్ల మీద పూసినమా?" అన్నాడు భాయ్.

ఆ రోజు పోయడం ఆపించాను. రెడీమిక్స్ కాంక్రీటు లారీని వెనక్కి పంపమనేసరికి భాయ్‌కి కోపం వచ్చింది. పోసేద్దాం, తుడిచి పోసేద్దామన్నాడు. తుడిచిన చోటే మళ్లీ తడి పట్టడం ఆయనకే చూపించాను. గుడ్డతో ఒకసారి తుడిచి మళ్లీ చెయ్యి పెట్టమన్నాను. పెట్టి చూసి, లారీ డ్రైవరుకు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే పలకలన్నీ కంటైనర్ లోంచి తీయించి, రేకుల షెడ్డు కింద పరిపించాం. జిగురు డబ్బాలు మాత్రం ఏసీలోనే ఉన్నాయి.

మర్నాడు పోసిన స్లాబు సగం గెలిచింది. గునపం పెడితే చివర జిగురు పూసిన కొస కదల్లేదు. ముందు పూసిన కొస మాత్రం మళ్లీ లేచింది. ఈసారి తప్పు ఒక్కటే. లారీ గేటు దగ్గర ఆలస్యమైంది, ఆలోపు జిగురు గట్టిపడింది. సగమైనా నిలిచిందని నాకు పట్టరాని సంతోషం. భాయ్ మాత్రం, "సగం అంటుకున్న దానిమీద నడుస్తరా మేడమ్?" అన్నాడు. నిజమే మరి.

ఆ మిగిలిన తప్పు మీద పడ్డాను. జిగురంటే రెండు డబ్బాల్లో వచ్చేది. రెండూ కలిపిన క్షణం నుంచి అది గట్టిపడటం మొదలుపెడుతుంది. బకెట్లో గుట్టగా ఉంటే దాని వేడికి అదే ఉడికి ఇంకా తొందరపడుతుంది. పలుచగా పరిస్తే కాస్త నెమ్మదిస్తుంది. వేడి దేశాలకోసం నెమ్మదిగా పట్టే రకం ఉంటుందని తెలిసి, మేనేజర్‌ను అడిగి జెద్దా డీలరు ద్వారా తెప్పించాను. అది వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, ఉన్న జిగురునే చిన్న చిన్న బకెట్లలో కలిపి, రకరకాలుగా పూసి, ఎంతసేపటికి వేలికి అంటడం మానేస్తుందో చూస్తూ కూర్చున్నాను. ఎండకు గ్లవ్స్‌లో చేతులు నానిపోయేవి. అందుకని కొన్నిసార్లు తీసేసేదాన్ని.

ఒక ఉదయం నిద్రలేచేసరికి మణికట్లు ఎర్రగా పొంగి ఉన్నాయి. మధ్యాహ్నానికి కనురెప్పలు కూడా వాచాయి. అక్క డ్యూటీ దిగి వచ్చేసరికి నేను అద్దం ముందు ఉన్నాను.

"ఏంటే ఇది? ఆ మొహమేంటి? చేతులు చూపించు."

చూపించాను. అక్క వాటిని పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"గ్లవ్స్ వేసుకోలేదా?"

"వేసుకున్నానక్కా. అప్పుడప్పుడు..."

"అప్పుడప్పుడా! వార్డులో నేనలా అంటే ఊరుకుంటారా?"

ఆ సాయంత్రమే తను పనిచేసే ఆసుపత్రికి లాక్కెళ్లింది. చర్మ డాక్టరు చూసి జిగురు పడలేదని తేల్చాడు. ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదట. ముట్టుకుంటే ప్రతిసారీ ఇంకా ఎక్కువవుతుందట. కలిపే చోటికి వెళ్లొద్దన్నాడు.

దారిలో అక్క చేపల మార్కెట్ దగ్గర టాక్సీ ఆపించి వంజరం కొంది. ఇంటికొచ్చి పులుసు పెడుతూ, నా వైపు చూడకుండా అంది. "ఆఫీసులో కూర్చునే పని ఇమ్మని అడగవే. అడిగితే తప్పేం కాదు."

"ఇప్పుడడిగితే ఆ పలకల పని అక్కడితో ఆగిపోతుందక్కా."

"ఆగితే ఆగనీ. నీ చేతులకన్నానా?"

అక్కే మళ్లీ చింతపండు పిసుకుతూ చెప్పింది. ఆ జాలరి పెద్దాయన ఆ రోజు మళ్లీ చూపించుకోవడానికి వచ్చాడట. చెయ్యి పైకి లేవదట, వల విసరలేడట. "పోయేటప్పుడు నా కొడుకు కూడా అక్కడే పడవ కడతాడు అన్నాడే. అరబ్బీలో అన్నాడు, నాకు సగమే అర్థమైంది" అంది.

అన్నం తిన్నాక చెప్పాను. ముట్టుకోను, కలిపే చోటికి పోను, కానీ వదలను అని. అక్క గిన్నెలు తీస్తూ, "పొడుగు గ్లవ్స్ నేను తెస్తాను. లోపల నూలువి, పైన రబ్బరువి. తీశావని తెలిస్తే నేనే మీ మేనేజర్ దగ్గరికొస్తా" అంది.

మర్నాడు భాయ్‌కి చేతులు చూపించాను. ఆయన వెళ్లి, జిగురు కలిపే బల్లకు దూరంగా నేలమీద రంగుతో ఒక గీత గీశాడు.

"మీరు గీ గీత దాటొద్దు. గాలి అటు మళ్లితే ఇంకా ఎనక్కి జరగాలె. ఏం చెయ్యాల్నో చెప్పున్రి, నేను జేస్త."

"మీకు ఈ పనే ఇష్టం లేదు కదా భాయ్?"

ఆయన తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "ఇష్టం లేదు. గా పాత జెట్టీకి పెచ్చులు ఊడినప్పుడల్లా సిమెంటు మాల్ పెట్టి పూడ్చింది నేనే. మూడుసార్లు పూడ్చిన. నాల్గోసారి గాయన మీద పడ్డది. కంబీలు ఉన్నన్ని రోజులు తుప్పు ఉంటది. గిదైతే అంటుకుంటే సాలు. అంటుకునేదాక జేద్దాం."

అప్పటి నుంచి పని వేరేగా నడిచింది. నేను గీత ఇవతల నిలబడి చెప్పడం, ఆయన వినడం, నచ్చకపోతే వాదించడం. నెమ్మది జిగురు వచ్చింది. ఒకేసారి పెద్ద బకెట్ కలపడం మానేశాం. ఒకరు కలుపుతుంటే ఇంకొకరు పళ్లున్న తాపీతో పరుచుకుంటూ పోయేవాళ్లు. లారీ గేటు లోపలికి వచ్చి నిలబడ్డాకే మొదటి డబ్బా మూత తీయాలని నేను పట్టుబట్టాను. లారీ డ్రైవర్ పాకిస్తానీ. "బాజీ, కిత్నీ దేర్ ఖడా రహూఁ?" అంటూ, ఎంతసేపు నిలబడాలక్కా అని రోజూ గొణిగేవాడు. రోజూ అతనికి చాయ్ ఇప్పించేదాన్ని.

ఇంకొక చిక్కు మిగిలింది. లారీ గొట్టం లోంచి కాంక్రీటు ఎత్తు మీద నుంచి పడిన చోట దాని బరువుకు జిగురు పక్కలకు తోసుకుపోయేది. అక్కడ పలక ఒట్టిగా తేలేది. దీనికి మేమిద్దరం చాలా వాదించుకున్నాం. జిగురు మందంగా పూద్దామని ఆయన, గొట్టాన్ని కిందికి దించుదామని నేను. రెండూ చేసినా పూర్తిగా పోలేదు. చివరికి ఆరని జిగురు మీద కడిగి ఎండబెట్టిన బేబీ చిప్స్, అంటే సన్న కంకర, చల్లి చూశాం. రాళ్లు సగం జిగురులో దిగబడి, సగం పైకి నిలబడ్డాయి. ఇక కాంక్రీటు వచ్చి పడినా జిగురు జారిపోవడానికి లేదు. పైకి లేచిన రాళ్లను కాంక్రీటు నాలుగు వైపుల నుంచీ పట్టుకుంటుంది. ఇది మేం కనిపెట్టిందేమీ కాదు, వేరే చోట్ల చేసేవాళ్లున్నారని చదివాను. కానీ మా ఎండలో, మా ఉక్కపోతలో అది పనిచేస్తుందో లేదో మేమే చేసి చూడాలి.

కన్సల్టెంట్ మనుషులు వచ్చిన ఉదయం స్లాబును తిరగేసి, పలక మీది నుంచి కాంక్రీటులోకి గుండ్రంగా గాడి కోశారు. ఆ గుండ్రటి ముక్క మీద ఇనుప బిళ్ల అంటించి, దానికి చేతి మిషన్ తగిలించి మెల్లగా లాగడం మొదలుపెట్టారు. ఎంత బలానికి ఊడిందన్నది ఒకటి, ఎక్కడ తెగిందన్నది ఇంకొకటి. జిగురు దగ్గర తెగితే మేం ఓడినట్టే. మేనేజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భాయ్ పెదవులు కదుపుతున్నాడు, దువా చదువుతున్నాడనుకుంటా. నేను మిషన్ మీది ముల్లునే చూస్తున్నాను. అది పైకి పోతూ, పోతూ, టప్ మన్న చప్పుడుతో ఆగింది.

బిళ్లను తిప్పి చూపించారు. దానికి పలక, పలకకు జిగురు, జిగురుకు ఇంత మందాన కాంక్రీటు పెళ్ల అంటుకుని ఉన్నాయి. జిగురు చెక్కుచెదరలేదు. కాంక్రీటే తన ఒంట్లో తను విరిగింది.

మిగతా చోట్లా అంతే. ఒక్క చోట మాత్రం కొంచెం తక్కువకు తెగింది, అయినా వాళ్లడిగిన దానికన్నా పైనే. మేనేజర్ "మబ్రూక్" అని అభినందిస్తూ భాయ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. నా వైపు తిరిగి, "అసలు పని ఎప్పుడు మొదలుపెడదాం?" అన్నాడు. భాయ్ ఆ కాంక్రీటు పెళ్లను చేతిలో తిప్పుకుంటూ చాలాసేపు చూశాడు. "గట్టిగనే పట్టింది. దీనమ్మ, గట్టిగనే పట్టింది" అని నవ్వాడు.

జెట్టీ మీద మొదటి భాగం పోసింది వేడి కాస్త తగ్గాక. నమూనా స్లాబంటే యార్డులో నీడపట్టున చేసే పని. ఇక్కడ కింద సముద్రం, చుట్టూ గాలి, పలకల మీద క్షణక్షణం ఉప్పు తడి. షెడ్డు బదులు టార్పాలిన్లు కట్టించాం. జిగురు పూసే ముందు ప్రతి పలకనూ భాయ్ తనే గుడ్డతో తుడిచి, అరచెయ్యి ఆనించి చూసి, తల ఊపాకే పనివాళ్లను ముందుకు రానిచ్చాడు. నేను గాలి వచ్చే వైపున, టార్పాలిన్ అంచు బయట నిలబడి లారీని, జిగురును, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ పట్టినవాణ్ని చూసుకుంటూ గొంతు పోయేదాకా అరిచాను. మధ్యాహ్నానికి పైన తడి గోనెపట్టాలు కప్పేసరికి నాకు మాట రావడం లేదు.

కాంక్రీటు గట్టిపడ్డాక అడుగు భాగం చూడాలి. అది పడవలోంచి తప్ప కుదరదు. చిన్న పడవ మాట్లాడుకుని, చెరో సుత్తి పట్టుకుని జెట్టీ కిందికి వెళ్లాం. సుత్తితో పలక మీద తట్టుకుంటూ పోవాలి. బాగా పట్టిన చోట గట్టిగా, రాయిని కొట్టినట్టు మోగుతుంది. పట్టని చోట బోలుగా, డబ్బా మీద కొట్టినట్టు వినపడుతుంది. భాయ్‌కి అలల మీద కూర్చోవడం పడదని అప్పుడే తెలిసింది. ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని, రెండో చేత్తో తడుతూ, మధ్యమధ్యలో కళ్లు మూసుకునేవాడు.

"ఎనక్కి పోదామా భాయ్?"

"వద్దు. కొట్టున్రి, నేను ఇంటున్న."

వరసగా గట్టి చప్పుడే. చాలా దూరం పోయాక, ఒక పలక మధ్యలో నా సుత్తికి డబ్బా చప్పుడు వచ్చింది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం. చుట్టూ తట్టి చూస్తే తలగడ పాటి చోటు పట్టలేదు. ఇన్ని చేసినా ఎందుకిలా అనిపించింది. లారీ మారే సందులో పోసిన చోటు అది. అంతకు మించి కారణం నాకు ఈనాటికీ తెలియదు.

"ఒక్కటే గద" అన్నాడు భాయ్. ముఖం పాలిపోయి ఉన్నా గొంతు స్థిరంగా ఉంది. "రంధ్రం కొట్టి లోపలికి జిగురు ఎక్కిద్దాం. నేనే ఎక్కిస్త. మీరు పడవల దూరంగ కూసోన్రి."

ఆ చోటు చుట్టూ రంగుతో సున్నా చుట్టాను. రెండు రోజుల తర్వాత ఆయన మళ్లీ అదే పడవలో వచ్చి, వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, చిన్న రంధ్రాల లోంచి ఎపాక్సీ ఎక్కించాడు. అది గట్టిపడ్డాక నేనెళ్లి తట్టాను. గట్టిగా మోగింది. అప్పటికే పైన రెండో భాగానికి పలకలు పరుస్తున్నారు. పడవను అటు తిప్పమన్నాను.